ఇసబెల్లా థోబర్న్: లక్నో బడి, దాని వారసురాళ్లు

(విశాఖపట్నంలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోత సాయంత్రం సముద్రపు గాలిని వదులుకుని వచ్చి ఈ హాలులో కూర్చున్న మీకందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం పరదేశంలో పాఠాలు చెప్పిన క్రైస్తవ స్త్రీల జీవితం. అంత పెద్ద అంశాన్ని ఒక్క గంటలో పట్టుకోబోతే చివరికి మిగిలేది పొగడ్తల జాబితా, లేకపోతే అభియోగాల జాబితా. రెండూ మనం విన్నవే. అందుచేత నేను ఒకే ఒక ఉపాధ్యాయురాలిని ఎంచుకున్నాను. ఆమె పేరు ఇసబెల్లా థోబర్న్. 1840 మార్చి 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టి, 1870లో లక్నో చేరి, మధ్యలో కొన్ని విరామాలు పోగా మిగిలిన జీవితమంతా అక్కడే గడిపి, 1901 సెప్టెంబరు 1న ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

విశాఖపట్నంలో నిలబడి లక్నో గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మన ఊరికి తన సొంత మిషను చరిత్ర లేకపోలేదు. లండన్ మిషనరీ సంఘం తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడ దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి పూనుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి వచ్చిన సెయింట్ జోసెఫ్ సభ సన్యాసినులు కూడా 19వ శతాబ్దిలోనే ఈ తీరంలో బాలికల చదువుకు పనిచేశారు. దక్షిణాన గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యురాలై ఉండి కూడా, మిషను వారు మొదట బాలికల బడులు అప్పగించినందువల్ల, ఆ పనితో పాటే వైద్యం చేసుకుంటూ రావలసి వచ్చింది. ఈ కథలు చెప్పుకోదగినవే. అయితే వీటిలో మనకు వివరంగా దొరికేది వచ్చినవారి సంగతి. వారి దగ్గర చదువుకున్న ఆడపిల్లలు తరచుగా పేరు లేకుండా, ఒక అంకెగా మాత్రమే మిగిలిపోతారు. లక్నో బడి విషయంలో అలా జరగలేదు. అక్కడి శిష్యురాళ్లు పేర్లతో కనిపిస్తారు, తామే మాట్లాడతారు, తామే రాస్తారు. బయటి నుంచి వచ్చిన గురువు తన కుర్చీని ఎవరికి, ఎప్పుడు అప్పగించాలి అన్న ప్రశ్నను పరిశీలించడానికి అంతకన్న మంచి చోటు నాకు కనిపించలేదు.

బాల్యం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. తల్లిదండ్రులు ఐర్లండు నుంచి వలస వచ్చిన రైతులు. పదిమంది సంతానంలో ఈమె తొమ్మిదవది. పదేళ్ల వయసులో తండ్రి పోయాడు. వీలింగ్ పట్టణంలోని బాలికల సెమినరీలో చదువుకున్నారు, సిన్సినాటిలో కొంతకాలం చిత్రలేఖనం నేర్చుకున్నారు, ఆ తరువాత పల్లెటూరి బడితో మొదలుపెట్టి ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో ఉపాధ్యాయినిగా పనిచేశారు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఈ చివరి విషయమే. ఆమె మతావేశంతో ఓడ ఎక్కి, వచ్చిన తరువాత పాఠం చెప్పడం నేర్చుకున్న మనిషి కాదు. తరగతి గదిలో ఏళ్ల తరబడి ఆరితేరిన తరువాతనే వచ్చిన మనిషి. ఆమె లక్నోలో తీసుకున్న నిర్ణయాలు చాలావరకు వృత్తి తెలిసిన పంతులమ్మ నిర్ణయాలుగా కనిపించడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఆమె అన్నగారు జేమ్స్ థోబర్న్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘపు మిషనరీగా 1859లోనే భారతదేశానికి వచ్చారు, తరువాతి కాలంలో బిషప్ అయ్యారు. 1866లో ఆయన ఉత్తరాదిలో పల్లెలు తిరుగుతూ ఒక మామిడితోపులో డేరా వేసుకుని ఉండగా, చెట్టు మీది గూటి నుంచి ఒక రాబందు ఈక జారి ఆయన ముందు పడిందట. దాన్ని చెక్కి కలంగా చేసుకుని చెల్లెలికి ఉత్తరం రాశారు. మగ మిషనరీల మాట ఇంటి లోపలి ఆడవాళ్ల దాకా చేరదని, ఆడపిల్లలకు బడి లేనిదే తమ పని సగంలోనే ఆగిపోతుందని, నువ్వు వచ్చి ఆ పని చేపట్టగలవా అని ఆ ఉత్తరం సారాంశం. దారి దొరికిన వెంటనే వస్తానని తరువాతి టపాలోనే ఆమె జవాబు పంపారు. ఈ రాబందు ఈక కథను మిషను సాహిత్యం ఎంతో ముచ్చటగా చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఈక కన్న, ఆమె జవాబులోని ‘దారి దొరికితే’ అన్న షరతు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. ఎందుకంటే ఆ దారి మూడేళ్ల పాటు దొరకలేదు.

అప్పటికి ఆ సంఘపు మిషను బోర్డుకు పెళ్లికాని స్త్రీని తనంత తానుగా పరదేశానికి పంపే అలవాటు లేదు. స్త్రీ వెళ్లాలంటే మిషనరీ భార్యగా వెళ్లాలి. అలా వెళ్లిన భార్యలు మన తీరంతో సహా దేశమంతటా ఆడపిల్లల బడులు నడిపారు, కానీ ఆ బడి వారి ఉద్యోగం కాదు, జీతం వారిది కాదు, నివేదికల్లో తరచు సొంత పేరు కూడా ఉండదు, భర్త పేరుకు ముందు ‘మిసెస్’ అని మాత్రమే ఉంటుంది. పిల్లల కాన్పులు, జబ్బులు, భర్త బదిలీలు వచ్చినప్పుడల్లా బడి మూతపడేది. పెళ్లికాని ఉపాధ్యాయిని, అంటే మన క్రైస్తవ పేటల్లో ‘మిస్సమ్మ’ అని పిలుచుకున్న మనిషి, వేరే రకపు ఏర్పాటు. ఆమెకు బడే పని, బడే ఇల్లు. ఆ ఏర్పాటుకు డబ్బు ఎవరు పెడతారన్నదే అడ్డంకి.

దానికి 1869 మార్చిలో బోస్టన్ నగరంలో జవాబు దొరికింది. భారతదేశంలో పనిచేసి తిరిగి వచ్చిన ఇద్దరు మిషనరీ భార్యలు, లోయిస్ పార్కర్, క్లెమెంటీనా బట్లర్, ట్రెమాంట్ వీధిలోని చర్చిలో ఒక సమావేశం ఏర్పాటు చేశారు. ఆ రోజు గాలివాన మూలంగా వచ్చినవారు గుప్పెడుమంది మాత్రమే. ఆ కొద్దిమందే స్త్రీల విదేశీ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. చందా ఏడాదికి ఒక డాలరు, వారానికి 2 సెంట్ల లెక్క. మన తెలుగు సంఘాల్లో ఇల్లాండ్రు వంటకు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి దేవునికని పక్కన పోసే పద్ధతి మీకు తెలుసు. ఇదీ దాదాపు అలాంటి లెక్కే. సంఘం చేతిలో తగినంత సొమ్ము పోగవకముందే థోబర్న్‌ను పంపాలా వద్దా అన్న చర్చ వచ్చింది. చేతిలో డబ్బు లేదన్న కారణంతో ఇలాంటి మనిషిని పోగొట్టుకోవడం కన్న మనమందరం ఖరీదైన దుస్తులు మాని చవక నూలు గౌన్లలో బోస్టన్ వీధుల్లో తిరగడం మేలని ఒక సభ్యురాలు లేచి అన్నారని ఆ సంఘం చరిత్రలో నమోదై ఉంది. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర మీద, పురుషుల బోర్డు అదుపు లేకుండా నిలిచిన సంస్థ అది. ఆ స్వతంత్రత విలువ ఏమిటో తరువాత తెలుస్తుంది.

ఆమెతో పాటు అదే ఓడలో క్లారా స్వెయిన్ అనే డాక్టరు కూడా వచ్చారు. ఆవిడ 1869లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని, బరేలీ వెళ్లి, రాంపూర్ నవాబు ఇచ్చిన స్థలంలో స్త్రీల ఆసుపత్రి నెలకొల్పారు. ఆమె జీవితం వేరే ప్రసంగానికి తగినది. ఇద్దరూ 1870 జనవరి 7న బొంబాయిలో దిగారు.

ఆనాటి లక్నోను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. అవధ్ రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకున్నది 1856లో. మరుసటి ఏడాది తిరుగుబాటు, ఆంగ్లేయులు తలదాచుకున్న రెసిడెన్సీ భవనాల ముట్టడి, తరువాత ఆంగ్లేయుల ప్రతీకారం. థోబర్న్ అడుగుపెట్టే నాటికి వీటన్నిటికీ పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. ఊళ్లో తెల్లతోలు మనిషి అంటే ఏమిటో ప్రతి ఇంటికీ ఒక జ్ఞాపకం ఉంది. పైగా ఆడపిల్లలకు చదువు చెపుతామని, అదీ క్రైస్తవులు చెపుతామని వచ్చారు. అనుమానం సహజమే. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదని నా అభిప్రాయం.

1870 ఏప్రిల్ 18న అమీనాబాద్ బజారులో ఒక గదిలో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలైంది. ఎవరైనా వచ్చి గొడవ చేస్తారేమోనని గుమ్మం దగ్గర ఒక కుర్రవాణ్ణి వెదురుకర్రతో కాపలా నిలబెట్టారు. బడి పెట్టిన చోటు బజారు నడిబొడ్డు; కంటోన్మెంటు కాదు, మిషను ఆవరణ కాదు. గోడల చాటున సురక్షితంగా మొదలుపెట్టి ఉంటే కాపలా కుర్రవాడి అవసరం ఉండేది కాదేమో, కానీ ఆ గోడలు దాటి పిల్లలు వచ్చేవారు కూడా కారు.

ఇక్కడ ఒక చిన్న సంఘటన చెప్పాలి. నా దృష్టిలో ఆమె జీవితానికి ఇది కీలకం. లక్నో వచ్చిన కొత్తలో అన్నగారు తన ఉత్తరాలకు నకళ్లు రాసిపెట్టమని చెల్లెలిని అడిగారు. రాసిపెట్టారు. కొన్నాళ్లకు మళ్లీ అడిగారు. అప్పుడామె కోపగించుకోకుండానే, ఈ పనికి ఒక రాతగాణ్ణి పెట్టుకుంటే మంచిదని చెప్పారు. అన్నగారు మొదట ఉలిక్కిపడ్డారు; తరువాత ఆలోచించి చూస్తే, చెల్లెలి సమయం తన సమయమంత విలువైనదేనని, తాను ఆమెను పిలిచింది సహాయకురాలిగానే అయినా ఆమె వచ్చింది సాటి పనివారుగా అని అర్థమైందట. ఈ సంగతి మనకు తెలిసింది ఎవరి ద్వారానో కాదు. చెల్లెలు పోయిన తరువాత 1903లో అచ్చయిన ఆమె జీవితచరిత్రలో బిషప్‌గారే దాచకుండా రాసుకున్నారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. అదే సమయంలో, ఆమెకు జీతమిచ్చేది అన్నగారి బోర్డు కాకుండా బోస్టన్ స్త్రీల సంఘం కావడం వల్లనే ఆ మాట అనగలిగే వీలు కలిగిందన్నది కూడా మరిచిపోకూడదు. వినయవంతురాలైన చెల్లెలు ఒక మాట అనడానికి ధైర్యం ఒక్కటీ చాలదు, వెనక ఒక వేరు ఖాతా కూడా ఉండాలి.

బడికి చోటు చాలక ఒకటి రెండు మార్పులు జరిగాక, 1871లో లాల్ బాగ్ అనే తోటను, అందులోని బంగళాను కొన్నారు. నవాబుల కాలంలో అది కొలువులోని ఖజానా అధికారి నివాసం. అక్కడ బోర్డింగు బడి పెట్టారు. కొంతకాలం కాన్పూరులో కూడా ఒక బడి బాధ్యత మీద వేసుకుని రెండు ఊళ్ల మధ్య తిరిగారు. ఆ వివరాల్లోకి పోను. లాల్ బాగ్‌లో ఆమె పెట్టిన ఒక పద్ధతి దగ్గర మాత్రం కొంచెం ఆగాలి.

ఆనాటి ఉత్తర భారతంలో మిషను బడులు కూడా సమాజపు మెట్లను చాలావరకు అలాగే ఉంచేవి. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు ఒక బడి, భారతీయ క్రైస్తవ పిల్లలకు మరో బడి. ఒకే చోట ఉన్నా బల్లలు వేరు, భోజనం వేరు, దుస్తులు వేరు. భారతీయ క్రైస్తవుల్లో కూడా పై కులం నుంచి వచ్చినవారికి, కింది కులం నుంచి వచ్చినవారికి మధ్య ఎడం ఉండేది; ఇది మన తెలుగు సంఘాలకు తెలియని జబ్బు కాదు, ఇప్పటికీ పూర్తిగా వదిలిన జబ్బూ కాదు. లాల్ బాగ్‌లో ఆమె ఈ వేర్పాటును ఒప్పుకోలేదు. ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు, భారతీయ అమ్మాయిలు ఒకే గదుల్లో ఉండి, ఒకే పాఠాలు చదివేవారు. తనకు ముఖ్య సహాయకురాలిగా నిలిచిన ఫీబీ రో ఆంగ్లో ఇండియన్ స్త్రీ. ఆమె పోయిన తరువాత ఆమె జీవితాన్ని థోబర్న్ స్వయంగా పుస్తకంగా రాశారు. మిషనరీ గురించి శిష్యులు రాయడం మామూలే. ఒక మిషనరీ తన సహచరి గురించి కూర్చుని పుస్తకం రాయడం అంత మామూలు కాదు.

ఎవరికి చదువు చెప్పాలి అన్న విషయంలో కూడా ఆమెకు తనదైన పట్టుదల ఉంది. ఆ రోజుల్లో విదేశీ స్త్రీ మిషనరీల్లో ఎక్కువమంది ఆకర్షణ జెనానాల వైపు. పరదా వెనక ఉన్న సంపన్నుల ఇళ్లకు వెళ్లి, అక్కడి స్త్రీలకు కుట్లు, అల్లికలు, అక్షరాలు, బైబిలు చెప్పడమే ఆ పని. చందాలిచ్చే అమెరికా స్త్రీలకు కూడా ఆ కథలే రుచించేవి. థోబర్న్ ఆ పని కాదనలేదు, తానూ ఇళ్లకు వెళ్లారు. కానీ తన బలమంతా భారతీయ క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలకు బడిలో ఉంచి క్రమంగా పై తరగతుల దాకా చెప్పడంలోనే పెట్టారు. లెక్క సరళమైనది. వంద ఇళ్లకు తిరిగే ఒక విదేశీ స్త్రీ తిరుగు ఓడ ఎక్కిన రోజు ఆ వంద ఇళ్లూ ఆగిపోతాయి. బాగా చదువుకున్న పదిమంది స్థానిక ఉపాధ్యాయినులు ఉంటే ఆగవు. చదువుకున్న స్త్రీ శక్తి అంటే నేర్పుతో చేసే సేవ శక్తేనని ఆమె అన్నారు. ఈ మాటలో ‘సేవ’ అన్నది ఆ కాలపు మతభాష. దాన్ని పక్కన పెట్టి ‘నేర్పు’ అన్నదాన్ని చూడండి. జాలితో ఇచ్చే అరకొర అక్షరజ్ఞానం ఆమెకు సరిపోలేదు. పూర్తి చదువు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే చదువు కావాలి.

అందువల్లనే కళాశాల. 1886లో లాల్ బాగ్ బడిలో కలకత్తా విశ్వవిద్యాలయపు పరీక్షలకు తయారు చేసే కళాశాల తరగతిని ప్రారంభించారు. ఆసియాలో స్త్రీలకు మొట్టమొదటి కళాశాల ఇదేనని కొన్నిచోట్ల రాస్తారు. అది సరి కాదు. కలకత్తాలో బెథూన్ సంస్థలో కళాశాల తరగతులు 1879లోనే మొదలయ్యాయి, 1883లో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు పట్టభద్రులయ్యారు. క్రైస్తవ మిషను స్త్రీలకు నడిపిన కళాశాలల్లో మొదటిది అంటే ఒప్పుకోవచ్చు. ఆ గొప్ప చిన్నదేమీ కాదు, అబద్ధం కలిపి పెంచవలసిన అవసరం లేదు.

చంద్రముఖీ బసు పేరు వచ్చింది గనుక ఒక మాట. ఆమె భారతీయ క్రైస్తవురాలు. డెహ్రాడూన్‌లోని క్రైస్తవ బాలికల బడి నుంచి 1876లో ప్రవేశ పరీక్ష రాసింది. బెథూన్ బడిలో మొదట హిందూ బాలికలకే ప్రవేశం కాబట్టి ఆమెకు అక్కడ చోటు దొరకక వేరే సంస్థలో చదువుకోవలసి వచ్చింది. ఉత్తర భారతపు క్రైస్తవ ఆడపిల్లకు పై చదువు అంటే ఎంత గొడవో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇటు మన ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో; అక్కడ ఆడపిల్లకు అక్షరం రావడమే ఒక పోరాటంగా ఉన్న కాలమది. లక్నోలో పట్టా చదువు అంటే అది దూరదృష్టి అని మెచ్చుకున్నవారు ఎంతమందో, ఆడంబరమని పెదవి విరిచినవారు కూడా అంతమంది ఉన్నారు. మిషను లోపలి నుంచి కూడా వచ్చింది ఈ విమర్శ: సువార్త చెప్పడానికి వచ్చి విశ్వవిద్యాలయ పరీక్షల వెంట పడడమేమిటని. దానికి ఆమె జవాబు వాదనగా ఇవ్వలేదు, తరగతులు నడిపి ఇచ్చారు. 1895లో కళాశాలకు ప్రభుత్వ అనుమతి పత్రం లభించింది.

మధ్యలో 1886 నుంచి కొన్నేళ్లు ఆరోగ్యం దెబ్బతిని అమెరికాలో ఉండవలసి వచ్చింది. విశ్రాంతి కోసం వెళ్లిన మనిషి షికాగోలో, సిన్సినాటిలో డీకనెస్ ఉద్యమంలో, అంటే సంఘం తరఫున సేవకు అంకితమైన స్త్రీల ఉద్యమంలో చేరి, ఆసుపత్రి పనికి, శిక్షణకు పూనుకున్నారు. విశ్రాంతి ఎలా తీసుకోవాలో తెలియని మనుషుల్లో ఆమె ఒకరు. 1890 ప్రాంతంలో తిరిగి లక్నో వచ్చారు.

ఇప్పుడు లీలావతీ సింగ్ దగ్గరికి వస్తాను. నిజానికి ఈ ప్రసంగం సగం ఆమెదే కావాలి. గోరఖ్‌పూర్‌లో 1868లో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎథెల్ రాఫేల్. చిన్నపిల్లగా లాల్ బాగ్‌కు వచ్చి, అక్కడే పెరిగి, అక్కడే పట్టభద్రురాలై, అక్కడే ఇంగ్లీషు సాహిత్యం, తత్వశాస్త్రం బోధించింది. చదువుకునే రోజుల్లోనే పాత పేరు వదిలి లీలావతీ సింగ్ అని పెట్టుకుంది. మతం మారితే పేరు మారాలని అనుకునే రోజుల్లో, క్రైస్తవురాలిగానే ఉంటూ భారతీయ నామం తనంత తాను తీసుకోవడం చిన్న సంగతి కాదు. దానికి ఆ మిస్సమ్మ అడ్డు చెప్పకపోవడం కూడా చిన్న సంగతి కాదు. ఆ బడి ఎలాంటి బడో చెప్పడానికి నాకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

1899లో కళాశాల భవనాలకు నిధులు కూడబెట్టడానికి థోబర్న్ అమెరికా వెళ్లినప్పుడు లీలావతీ సింగ్‌ను వెంట తీసుకువెళ్లారు. నిధుల యాత్రల్లో శిష్యురాలిని వేదిక మీద చూపించి చందాలు అడగడం అప్పటికే పాతబడిన పద్ధతి. ఇక్కడ జరిగింది అది కాదు. 1900 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాలులో జరిగిన సర్వసంఘ మిషనరీ మహాసభలో లీలావతీ సింగ్ ఉన్నత విద్య ఫలితాల గురించి తానే ప్రసంగించింది. విన్నవారిలో అమెరికా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఒకరు. మిషన్లకు తాను పది లక్షల డాలర్లు ఇచ్చి ఉండి, దానికి ఫలితంగా ఈ ఒక్క స్త్రీ తయారై ఉన్నా, తన డబ్బుకు పూర్తి ప్రతిఫలం దక్కినట్టే భావిస్తానని ఆయన అన్నారు.

ఈ మాటను మిషను పత్రికలు ఎన్నిసార్లు అచ్చువేసుకున్నాయో లెక్క లేదు. పొగడ్త పెద్దదే. కానీ కొంచెం నిదానించి వింటే నాకు గుచ్చుకుంటుంది కూడా. ఒక ప్రౌఢ విదుషీమణి సభలో తన వాదన వినిపిస్తే, ఆమె వాదన గురించి కాక, ఆమెను తయారు చేయడానికి పట్టే ఖర్చు గురించి మాట్లాడారు. డాలర్లు ఆయనవి, ఫలితం ఆమె. దాత చూపు ఎప్పుడూ అంతే కావచ్చు. థోబర్న్ చూపు వేరు అనడానికి ఆధారం ఏమిటంటే, ఆ సభలో ఆమె తన శిష్యురాలి తరఫున మాట్లాడలేదు, మాట్లాడే చోటును శిష్యురాలికి వదిలారు.

వారిద్దరూ తిరిగి వచ్చిన మరుసటి ఏడాదే, 1901 సెప్టెంబరు 1న, లక్నోలో కలరా సోకి థోబర్న్ మరణించారు. అప్పటికి 61 ఏళ్లు. వ్యాధి వచ్చిన తరువాత ఎక్కువ సమయం పట్టలేదు. కలరా అప్పట్లో మిషనరీని, బజారు కూలీని ఒక్కలాగే తీసుకుపోయేది. 1903లో కళాశాలకు ఆమె పేరు పెట్టారు. ఇప్పటికీ లక్నో వారు దాన్ని ఐ.టి. కాలేజీ అంటారు. 1923లో అది లాల్ బాగ్ నుంచి చాంద్ బాగ్‌కు మారింది.

ఇంతవరకు విని, మతమార్పిడి సంగతేమిటి అని మీలో కొందరు అడగబోతున్నారని తెలుసు. ఆమె తన ఉద్దేశాన్ని ఎప్పుడూ దాచుకోలేదు: క్రైస్తవ స్త్రీలను తయారు చేయాలి, వారి ద్వారా సువార్త వ్యాపించాలి. బడిలో బైబిలు పాఠం ఒక భాగం. సామ్రాజ్యపు నీడలో పనిచేశారన్నదీ నిజమే. 1857 తరువాతి లక్నోలో ఆంగ్ల ప్రభుత్వపు రక్షణ లేకుండా, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల గుర్తింపు లేకుండా ఆ కళాశాల నిలిచేది కాదు. ఈ రెండు సంగతులనూ చెప్పకుండా ఆమెను పొగిడితే అది అర్ధసత్యం. అయితే స్థాపించినవారి ఉద్దేశం ఒకటైనా, చదువుకున్నవారు దానితో ఏం చేశారన్నది వేరే లెక్క. 20వ శతాబ్దిలో ఆ కళాశాల మెట్లు ఎక్కిన అమ్మాయిల్లో రషీద్ జహాన్ ఉంది. ఆమె తరువాత ఢిల్లీలో వైద్యం చదివి, 1933లో ప్రభుత్వం నిషేధించిన ఉర్దూ కథా సంపుటిలో రచయిత్రిగా నిలిచి, కమ్యూనిస్టు అయింది. ఇస్మత్ చుగ్తాయ్ అక్కడ చదివింది. తాలూక్‌దారుల, అంటే అవధ్ భూస్వాముల కుటుంబంలో పుట్టిన అతియా హుసేన్, తరువాతి తరంలో కుర్రతులైన్ హైదర్ అక్కడ చదివినవారే. వీరెవరూ క్రైస్తవులు కాలేదు. ఉర్దూ, ఇంగ్లీషు సాహిత్యాల్లో ఆడదాని గొంతును మార్చిన రచయిత్రుల్లో ఇంతమంది ఒకే మిషను కళాశాల గడప దాటి వచ్చారంటే, బోస్టన్ తల్లుల 2 సెంట్ల చందా వారు ఊహించని ఖాతాలో జమ అయిందన్నమాట.

నేను మొదట్లో లేవనెత్తిన ప్రశ్నకు సూటిగా వస్తాను. థోబర్న్ తన కుర్చీని అప్పగించడానికి మనుషులను తయారు చేశారు. ఆమె పోయేనాటికి లీలావతీ సింగ్ వయసు 32 దాటింది, బోధనానుభవం ఉంది, రెండు ఖండాల్లో పేరుంది. కళాశాల నడిపే బాధ్యతల్లో పాలు పంచుకుంది. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య సభకు వెళ్లింది, ఆ సమాఖ్య స్త్రీల విభాగానికి నాయకత్వం వహించింది. అయినా ప్రిన్సిపాలు పదవి మాత్రం అమెరికా నుంచి వచ్చినవారికే దక్కుతూ వచ్చింది. 1909లో, నలభై ఒకటో ఏట, పని మీద వెళ్లిన షికాగోలో ఆమె చనిపోయింది.

ఈ ఆలస్యాన్ని కాలధర్మమని సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే కలకత్తా బెథూన్ కళాశాలకు 1888 నాటికే చంద్రముఖీ బసు ప్రిన్సిపాలు అయింది. అది ప్రభుత్వ సంస్థ. నియమించబడింది భారతీయ క్రైస్తవ స్త్రీ. ప్రభుత్వం చేయగలిగిన పనిని, ఆత్మల సమానత్వం బోధించే సంఘం యాభై ఏళ్ల తరువాత గానీ చేయలేకపోయింది. బోర్డుల దగ్గర కారణాలు ఎప్పుడూ ఉంటాయి: చందాదారులు అమెరికాలో ఉన్నారు, వారికి తమ ఊరి మనిషి రాసే నివేదిక కావాలి, భారతీయురాలి చేతికి లెక్కలు ఇస్తే నిధులు తగ్గుతాయేమోనన్న భయం. సంస్కృత పండితురాలై ఉండి క్రైస్తవం స్వీకరించిన పండితా రమాబాయి లాంటి స్వతంత్రురాలు తనను దిద్దబోయిన ఆంగ్లికన్ పెద్దలతో ఎంత ఘర్షణ పడిందో గుర్తు చేసుకుంటే, చదువుకున్న భారతీయ స్త్రీ పట్ల మిషన్ల ఆదరం ఎక్కడ ఆగిపోయేదో తెలుస్తుంది. ఆమె విద్యను మెచ్చుకునేవారు, అధికారాన్ని మాత్రం ఇవ్వడానికి వెనకాడేవారు.

థోబర్న్ ఇంకో పదేళ్లు బతికి ఉంటే లీలావతీ సింగ్‌ను తన స్థానంలో కూర్చోబెట్టి ఉండేవారా? చరిత్ర పాఠం చెప్పేవాడు ఇలాంటి ప్రశ్న వేయకూడదు. అయినా అన్నగారి ఉత్తరాలకు నకళ్లు రాయనన్న మనిషి, తన శిష్యురాలు ఎల్లకాలం ఇంకొకరి కింద సహాయకురాలిగా ఉండడాన్ని సమర్థించి ఉండేవారని నాకు నమ్మకం కలగదు.

చివరికి 1939లో ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలు వచ్చారు. ఆమె కాన్‌స్టెన్స్ ప్రేమ్‌నాథ్ దాస్. పంజాబులోని ఫిరోజ్‌పూర్‌లో పుట్టి, ఐ.టి. కాలేజీలోనే చదువుకుని, అమెరికాలోని గౌచర్ కళాశాల నుంచి 1911లో పట్టభద్రురాలై తిరిగి వచ్చినవారు. 1945 వరకు, అంటే రెండో ప్రపంచ యుద్ధం, క్విట్ ఇండియా ఉద్యమం రెండూ ముంచెత్తిన ఆ ఆరేళ్లూ, కళాశాలను ఆమె నడిపారు. థోబర్న్ మరణానికి, దాస్ నియామకానికి మధ్య 38 ఏళ్లు. అమీనాబాద్ గదిలో బడి మొదలైన నాటి నుంచి లెక్కిస్తే 69 ఏళ్లు. మిస్సమ్మలు నడిపిన ఏ సంస్థ చరిత్ర చదివినా ఈ రెండు అంకెలను వెతికి పట్టుకోండని విద్యార్థులకు చెపుతూ ఉంటాను. విశాఖపట్నం, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ బడుల విషయంలో ఈ లెక్క ఇంకా ఎవరైనా కూర్చుని తీయవలసి ఉంది. ఇక్కడ పరిశోధక విద్యార్థులు కొందరున్నారు. ఆ పాత నివేదికలు ఎక్కడ దొరుకుతాయో, ఏ వరసలో చదవాలో, సభ అయిన తరువాత వారితో కూర్చుని మాట్లాడతాను. ముందు మిగిలినవారి ప్రశ్నలు విందాం.